ఎర్రగుడ్డ కట్టిన చెయ్యి

పదహారేళ్ళు కుట్టుమిషను మీద వంగి నడుము పట్టేసిన మనిషిని మదనపల్లెలో ఒక ఏసీ హాల్లో కూర్చోబెట్టి, "అందరూ లేచి చప్పట్లు కొట్టండి! గట్టిగా! ఇంకా గట్టిగా!" అంటే ఏం చేస్తుంది? మునిరత్నమ్మ లేచి కొట్టింది. పక్కవాళ్ళు కొడుతున్నారు గనక తనూ కొట్టింది. ఎవరికోసం కొడుతున్నామో మాత్రం ఆమెకు అర్థం కాలేదు.

ఆ శిక్షణ పెట్టించింది కంపెనీ హెచ్చార్ మేనేజరు భానుప్రకాశ్. ముప్ఫై ఏళ్ళుంటాయి. బెంగళూరులో ఎంబీఏ చదివొచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. ఎదురుపడితే "బాగున్నారా అమ్మా" అని తనే ముందు పలకరిస్తాడు. రెండు రోజులపాటు తెర మీద కొండలెక్కే మనుషుల బొమ్మలూ, సింహాల బొమ్మలూ వేసి చూపించి, చివర్న మునిరత్నమ్మను పక్కకు పిలిచాడు.

"కుప్పం యూనిట్‌లో సమస్య ఒకటేనమ్మా. అక్కడివాళ్ళకు మోటివేషన్ లేదు. పని మీద మనసు లేదు. నెలనెలా పదిమంది మానేస్తున్నారు. పుంగనూరులో మీరు లైను బ్రహ్మాండంగా నడిపారు. కుప్పం వెళ్ళి వాళ్ళలో ఉత్సాహం నింపాలి. లీడర్ అంటే అదే."

లీడర్ అన్న మాట మునిరత్నమ్మకు నచ్చింది. అబద్ధం ఎందుకు, బాగా నచ్చింది. ఆమె అమ్మానాన్నలు పుంగనూరు చుట్టుపక్కల పొలాల్లో కూలి చేసినవాళ్ళు. ఆమె కూడా పద్నాలుగేళ్ళప్పుడు టమాటా తోటల్లో కాయలు కోసింది. ముద్దుకృష్ణ శెట్టి పుంగనూరులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కంపెనీ తెరిచినప్పుడు దారాలు కత్తిరించే హెల్పరుగా చేరింది. తర్వాత టైలరయింది. ఆ తర్వాత లైను సూపర్‌వైజరయింది. నెలజీతం, పీఎఫ్, గుర్తింపు కార్డు, ఇవన్నీ ఆ ఇంట్లో మొదట చూసింది ఆమే. మెడలో కార్డు వేసుకుని బస్సెక్కితే, వెనకటికి తన అమ్మను ఒసే అని పిలిచినవాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు.

"పోతాను సార్" అంది.

ఆటో నడిపే మొగుడు గంగప్ప, "వారానికొకసారి ఇంటికొస్తావు గదా, పో. నీ పేరు ఆడిదాకా పోయిందంటే చిన్న సంగతా?" అన్నాడు. పలమనేరులో బస్సు మారి, మూటాముల్లెతో కుప్పంలో దిగింది.

యూనిట్ రైల్వేగేటుకు అవతల ఒక రేకుల షెడ్డు. వరసగా మిషన్లు వేసిన మూడు లైన్లు. మునిరత్నమ్మకు అప్పజెప్పింది షర్టుల లైను. అరవైమంది ఆడవాళ్ళు. ఆ లైనులో కుట్టిన బట్ట చూసే చెకరు సుమలత. యాభై ఏళ్ళ ఒంటరి మనిషి. ఆమె ఇంట్లోనే ఒక గది మునిరత్నమ్మకు బాడుగకిచ్చింది.

మొదటిరోజు పొద్దున గంట మోగగానే అందరూ మిషన్ల పక్కన నిలబడి "నా పని నా గౌరవం" అని మూడుసార్లు అరిచారు. అరుపైతే గట్టిగానే ఉంది, ముఖాలు మాత్రం ఎండిపోయిన పిడకల్లా ఉన్నాయి. తర్వాత సూపర్‌వైజరు బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టారు. అందులో ఎర్ర ఏప్రాన్లు. ముందురోజు టార్గెట్టు చేరనివాళ్ళు ఆ రోజంతా అది కట్టుకుని కుట్టాలి. కట్టాల్సింది సూపర్‌వైజరే, అందరి ముందరా. లైనులో ఆడవాళ్ళు దాన్ని ఎర్రగుడ్డ అనేవాళ్ళు. భానుప్రకాశ్ శిక్షణలో దీని గురించి చెప్పే ఉన్నాడు. "ఇది శిక్ష కాదమ్మా. గుర్తుచేయడం. రేపు దాన్ని తీసేయాలన్న కసి పుడుతుంది."

ఆ రోజు కాగితంలో ఉన్నది ఒకే పేరు. వెన్నెల. కాలర్లు కుట్టే పిల్ల. ఇరవై నాలుగేళ్ళుంటాయి, సన్నగా, చామనచాయగా ఉంది. పేరు పిలవగానే వచ్చింది. వీపు తిప్పి నిలబడి, ముడి వేయడానికి అడ్డం రాకుండా తన జడను తనే చేత్తో పైకెత్తి పట్టుకుంది.

మునిరత్నమ్మ ముడివేసింది. శిక్షణలో నేర్చుకున్నది గుర్తొచ్చి భుజం తట్టి, "రేపు తీసేస్తువులేమ్మా. నువ్వు చెయ్యగలవు" అని కూడా అంది.

రెండోరోజూ కాగితంలో వెన్నెల పేరే. మూడోరోజూ అంతే.

మూడోరోజు మునిరత్నమ్మకు మనసు ఆగక ఆ పిల్ల మిషను వెనకాలే నిలబడి చూసింది. చెయ్యి చూస్తే పనిమంతురాలి చెయ్యి. బట్ట తిప్పే ఒడుపు, మొన దగ్గర సూది ఆపే తీరు చూస్తే, పుంగనూరులో కూడా ఇలాంటి టైలరు లేదనిపించింది. మధ్యమధ్య దారం తెగితే ఎక్కించుకుంటోంది, అది ఏ మిషనుకైనా మామూలేలే అనుకుంది. కానీ పదకొండు దాటగానే పిల్ల పొత్తికడుపు పట్టుకుని ముందుకు వంగుతోంది. పెదాలు పగిలి ఉన్నాయి. మిషను కింద నీళ్ళసీసా నిండుగా ఉంది. సాయంత్రం గంట కొట్టేటప్పుడూ నిండుగానే ఉంది. అప్పుడు తక్కిన మిషన్ల కింద చూసింది. ఏ సీసాలోనూ నీళ్ళు రెండు గుక్కలకంటే తగ్గలేదు.

ఇంటికెళ్ళాక సుమలతను అడిగింది. "వీళ్ళు నీళ్ళు తాగరు, యాల?"

సుమలత చేట కింద పెట్టి నవ్వింది. అది నవ్వు కాదు. "తాగితే ఒంటికి పోవల్ల గదమ్మా. పోవల్లంటే బిళ్ళ కావల్ల. నీ బల్ల పక్కన మేకుకు రెండు బిళ్ళలు తగిలించుండారు, సూడలేదా? అరవైమందికి ఆ రెండే. ఒకతి పోయొచ్చేదాకా ఇంకొకతి కాసుకోనుండల్ల. ఐదు నిమిషాలు దాటితే ఆఫీసు గుమాస్తా పుస్తకంలో ఎర్రగీత గీస్తాడు. గీత పడితే టార్గెట్టు లెక్కలో మార్కు తగ్గుతాది. మార్కు తగ్గితే పొద్దున్నే ఎర్రగుడ్డ. ఇంత బాధ యాలని నీళ్ళే మానేసినారు."

పుంగనూరులో ఇవేవీ లేవు. మునిరత్నమ్మ వెంటనే భానుప్రకాశ్‌కు ఫోన్ చేసింది. అతను ఓపికగానే విన్నాడు.

"అమ్మా, టోకెన్లు పైలట్‌గా కుప్పంలోనే పెట్టాం. పెట్టాక వృథా అయ్యే టైము నలభై శాతం తగ్గింది. డేటా ఉంది. మీరు ఎమోషనల్ కావద్దు. లీడర్ ఎమోషనల్ అయితే టీము జారిపోతుంది."

"అది కాదు సార్, ఆ పిల్లకు ఒంట్లో..."

"ఒక్క నెల చూడండమ్మా."

మునిరత్నమ్మ "సరే సార్" అంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో ఆ రెండు మాటల్ని. తలుచుకున్నప్పుడల్లా తన నోటి మీద తనే కొట్టుకోవాలనిపించేది.

నాలుగోరోజు పొద్దున మళ్ళీ కట్టింది. పిల్ల మళ్ళీ జడ ఎత్తి పట్టుకుంది. వీపు ముట్టుకుంటే కాలుతోంది.

"జొరముందా ఏంది?" అని అడిగింది మునిరత్నమ్మ.

"లేదు మేడమ్" అని వెన్నెల పోయి కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాలకు ముందు వెన్నెల మిషను ఆగకుండా తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పెడలు మీద కాలు బిగుసుకుపోయి ఉంది. పిల్ల తల కాలర్ల కట్ట మీద వాలిపోయింది. సూది పక్కనే ఉంది చెయ్యి. వెంట్రుకవాసిలో తప్పింది. సుమలత పరుగెత్తుకొచ్చి స్విచ్చి తీసేసింది. ఇద్దరూ కలిసి ఎత్తి ఆటోలో వేసుకుని ఊళ్ళో ఒక నర్సింగ్‌హోముకు తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ చూసి, పరీక్షలు చేయించి, బయటికొచ్చి మునిరత్నమ్మ మెడలో కార్డు చదివింది.

"మీరు ఆ పిల్లకు పై అధికారా?"

"లైను సూపర్‌వైజర్ని మేడమ్."

"మూత్రంలో చీము. కిడ్నీల దాకా పాకింది. ఎన్నాళ్ళ నుంచి బిగబట్టుకుంటోందో! ఈ నెలలో మీ కంపెనీ నుంచి నా దగ్గరికొచ్చిన నాలుగో ఆడపిల్ల ఈమె. అక్కడ గుక్కెడు నీళ్ళు దొరకవా? ఒంటికి పోవడానికి చోటు లేదా? మీరూ ఆడవాళ్ళే గదమ్మా!"

మునిరత్నమ్మ మెడలోని కార్డును కొంగుతో కప్పేసుకుంది. లోపల నర్సు పిల్లకు సెలైన్ ఎక్కించబోతూ, "ఈ ఎర్రది ఏంది? విప్పండి" అంది. మునిరత్నమ్మ విప్పబోయింది. తను వేసిన ముడే. పొద్దున హడావుడిలో గట్టిగా బిగించినట్టుంది, ఎంతకీ ఊడలేదు. చివరికి నర్సే కత్తెర తెచ్చి కోసేసింది.

అరగంట తర్వాత భానుప్రకాశ్ ఫోను. "ఎలా ఉంది ఆ అమ్మాయికి? ప్రమాదమేం లేదుగా? మంచిది. చూడండమ్మా, రిజిస్టరులో సెలవని రాయండి. హాస్పిటల్ అని రాస్తే లేనిపోని ప్రశ్నలొస్తాయి. కాలర్ల దగ్గర రేపు ఎవరిని కూర్చోబెడుతున్నారు?"

మునిరత్నమ్మకు కోపం తొందరగా రాదు. పదహారేళ్ళలో ఎన్నో మాటలు పడింది, ఎన్నో దిగమింగింది. కానీ ఆ మాట విన్నప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక పిల్ల లోపల ప్రాణం చిక్కబట్టుకుని పడుకుని ఉంటే ఇతనికి కాలర్లు! తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచాక తనే గుర్తొచ్చింది. నాలుగు రోజులు ముడివేసింది ఎవరు? కాలుతున్న వీపు ముట్టుకుని కూడా వదిలేసింది ఎవరు? తిలాపాపం తలా పిడికెడు అంటారు, తన పిడికిట్లో ఉన్నది తక్కువేం కాదు.

"కాలర్ల దగ్గర ఎవురూ కూసోరు సార్. రిజిస్టర్లో ఆస్పత్రనే రాస్తాను" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున గంట మోగింది. అట్టపెట్టె బల్ల మీదికొచ్చింది. మునిరత్నమ్మ దాన్ని తీసుకెళ్ళి స్టోరులో పెట్టి తాళం వేసింది. మేకుకున్న బిళ్ళలు రెండూ తీసి కొంగున ముడేసుకుంది. లైను ముందర నిలబడింది.

"అరవద్దండి ఈరోజు. ఎవురికీ ఎర్రగుడ్డ లేదు. నీళ్ళు తాగండి. ఒంటికి పోవల్లంటే లేసి పోండి. నన్ను అడగాల్సిన పన్లేదు."

ఒక్కరూ లేవలేదు. ఒక్క సీసా మూత కూడా తెరుచుకోలేదు. అందరూ తలలు వంచుకుని మిషన్లు నడిపారు. అరగంట గడిచింది. గంట గడిచింది. వీళ్ళు దీన్ని ఏదో పరీక్ష అనుకుంటున్నారని అప్పుడు అర్థమైంది ఆమెకు. లేచినవాళ్ళ పేరు ఎవరో ఎక్కడో రాసుకుంటారని భయం. ఒంటికి పోవడానికి కూడా మనిషి భయపడేలా చేశారే! అది చూసినప్పుడు, నర్సింగ్‌హోములో కూడా రానంత ఏడుపు వచ్చిందామెకు. ఒక సీసా అందుకుని అందరూ చూస్తుండగా సగం తాగి, నేరుగా బాత్రూముకు పోయొచ్చింది. తర్వాత సుమలత లేచింది. ఆమె వెనక ఇద్దరు. పదకొండయ్యేసరికి బాత్రూముల ముందర పాతికమంది నిలబడ్డారు. మూడు లైన్లలో కలిపి నూట ఎనభైమందికి ఉన్నవి రెండే గదులు. లైను గంటసేపు నిలిచిపోయింది.

గంటసేపు లైను నిలిచిందన్న కబురు మదనపల్లె హెడ్డాఫీసుకు పోవడానికి పది నిమిషాలు పట్టలేదు. సోమవారం నెలవారీ మీటింగుకు రమ్మని మునిరత్నమ్మకు పిలుపొచ్చింది. ఉద్యోగం తీసేస్తారనే అనుకుంది. గంగప్పకు ఫోన్ చేసి చెబితే అతను, "తీసేస్తే తీసేయనీలే. చెప్పాల్సింది చెప్పేసి రా" అన్నాడు.

మదనపల్లె ఆఫీసులో పెద్ద బల్ల చుట్టూ మూడు యూనిట్లవాళ్ళు కూర్చున్నారు. బల్ల చివర ముద్దుకృష్ణ శెట్టి. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. తండ్రి బట్టలంగడి వసారాలో ఒక్క మిషనుతో మొదలుపెట్టి ఇంతకు తెచ్చాడు. భానుప్రకాశ్ తెర మీద కుప్పం అంకెలు చూపిస్తూ, "మార్పు తేవడంలో చిన్న ఎదురుదెబ్బ తగిలింది సార్. సూపర్‌వైజర్ స్థాయిలో కమిట్‌మెంట్ లోపించింది" అన్నాడు. పేరు చెప్పలేదు. అందరూ మునిరత్నమ్మ వైపే చూశారు.

ఆమె లేచి నిలబడింది. భానుప్రకాశ్ వైపు తిరిగింది.

"సార్, ఒక మాట అడుగుతా. పొద్దన మీటింగు మొదలైనప్పట్నించి మీరు మూడుతూర్లు లేసి బయటికి పోయొచ్చినారు. ఎవుర్ని అడిగినారు? ఏ బిళ్ళ తీసుకోని పోయినారు? ఎన్ని నిమిషాలు పట్టిందో ఏ పుస్తకంలో రాసినారు?"

భానుప్రకాశ్ ముఖం ఎర్రబడింది. "అమ్మా, ఇది అందుకు వేదిక కాదు."

"యాడుండాదో సెప్పండి ఆ వేదిక, ఆడికే పోతా!"

శెట్టి కళ్ళజోడు తీశాడు. "ఏందమ్మా ఇది? బాత్రూముకు బిళ్ళేంది?"

"మీకు తెలీదా సామీ?"

"తెలీదు."

నిజంగానే తెలియదని ఆయన ముఖమే చెబుతోంది. దాంతో మునిరత్నమ్మ కోపం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. "తెలీకపోతే ఎట్ల సామీ? గేటు మీద రాసుండేది మీ పేరే గదా! మూడు నెల్లుగా ఆడపిల్లోళ్ళు నీళ్ళు తాగకండా మీ షర్టులు కుడతాండారు. ఒక పిల్ల కిడ్నీలు చెడి ఆస్పత్రిలో పండుకోనుండాది. ఆ పిల్లకు ఎర్రగుడ్డ కట్టింది నేను. ఈ చేతులతోనే కట్టినా. పని మీద మనసు లేదంటిరే, మనసుంటే మాత్రం ఎట్ల కుట్టల్ల సామీ? బిగబట్టుకున్న ఒంటితో కుట్టల్లా?"

భానుప్రకాశ్ నెమ్మదిగా, "నా మీదా ఒత్తిడి ఉంటుందమ్మా. ఆర్డరు టైముకు పోకపోతే నన్నడుగుతారు" అన్నాడు. అది అబద్ధం కాదని ఆమెకు తెలుసు.

"మిమ్మల్ని అడిగితే నోటితో అడుగుతారు సార్. మీ మెడకేమన్నా కట్టినారా?" అని కూర్చుంది.

గురువారం శెట్టి కుప్పం వచ్చాడు. లైను మధ్యలో నిలబడి, "మీ కష్టం ఏందో చెప్పండమ్మా, భయం లేదు" అన్నాడు. పక్కన భానుప్రకాశ్ పుస్తకం పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఎవరూ పలకలేదు. మునిరత్నమ్మ ఇక ఆగలేక, "పేర్లు రాసే మనిషి పక్కనుంటే ఎవురు మాట్లాడతారు సామీ? ఆ సార్‌ను రొంతసేపు బయట ఉండమనండి" అంది. భానుప్రకాశ్ బయటికి వెళ్ళాడు.

అప్పటికీ మాటలు రాలేదు. చివరికి సుమలత వెన్నెల మిషను చూపించి, "మాటలెందుకప్పా, మీరూ టైలరే గదా. కూసోని ఒక కాలరు కుట్టి సూడండి" అంది.

శెట్టి ఒక క్షణం తటపటాయించి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళయి ఉంటుంది ఆయన మిషను ముట్టి. అయినా చెయ్యి మరిచిపోలేదు. బట్ట సర్దాడు, పెడలు తొక్కాడు. మొన దగ్గరికి రాగానే దారం తెగింది. మళ్ళీ ఎక్కించాడు. రెండంగుళాలు పోగానే మళ్ళీ తెగింది. మూడోసారి తెగినప్పుడు కండె చేతిలోకి తీసుకుని, పోగును వేళ్ళతో లాగి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఎవడు తెచ్చినాడు ఈ దారం?"

"ఆర్నెల్లుగా ఇదే వస్తాండాది అప్పా" అంది సుమలత. "అంతకుముందు ఇట్ల తెగేది కాదు. ఇది వచ్చినాక కాలరుకే శానా తెగతాంది. అందుకే ఆ పిల్ల ఎనకబడేది."

భానుప్రకాశ్‌ను లోపలికి పిలిచి అడిగితే, అతను తల దించుకుని, "దారం మార్చిన ఫైలు మీ దగ్గరికే వచ్చింది సార్. మీరే సంతకం పెట్టారు" అన్నాడు.

శెట్టి కండెను మిషను మీద పెట్టేశాడు. మునిరత్నమ్మే మాట్లాడింది. "తెగే దారం మనమిచ్చి, తెగినందుకు వాళ్ళకు ఎర్రగుడ్డలు కట్టినాం సామీ. కట్టి, మీకు మనసు లేదన్నాం. పుండొక చోటుంటే మందొక చోట పెట్టినాం. ఒక్క మాట వాళ్ళకు చెప్పండి."

ఏ మాట చెప్పాలో ఆయనకు తెలుసు. ఆమె అడిగింది అదేనని అందరికీ తెలుసు. శెట్టి లేచి చొక్కా చేతులు దించుకుని, "పాత దారం తెప్పిస్తా. బిళ్ళలు ఇంక ఉండవు. ఇంకో రెండు బాత్రూములు కట్టిస్తా" అన్నాడు. గడియారం చూసుకున్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు. తప్పయిందన్న మాట రాలేదు. అంత పెద్దమనిషికి ఆ చిన్న మాట అంత బరువెందుకయిందో అని మునిరత్నమ్మ గేటు దగ్గర నిలబడి పళ్ళు కొరుక్కుంది.

పాత దారం వారంలోపల వచ్చింది. రెండు బాత్రూములన్నవాటిలో ఒకటి లేచింది, రెండోదానికి గుంత తవ్వి వదిలేశారు. దాని గురించి ఆమె వారం వారం ఫోన్ చేస్తూనే ఉంది. ఎర్ర ఏప్రాన్లు మళ్ళీ కనబడలేదు. మానేసేవాళ్ళు తగ్గారు. రెండో నెలకు షర్టులు పుంగనూరుకంటే ఎక్కువే దిగాయి. చేసిందల్లా తెగని దారమూ, తాగనిచ్చిన నీళ్ళూ. అంతే.

అప్పుడు భానుప్రకాశ్ ఫోన్ చేశాడు. గొంతులో నిజమైన సంతోషం. "అమ్మా, అభినందనలు! కుప్పం మోటివేషన్ మోడల్ అని నేనొక ప్రెజెంటేషన్ తయారుచేశాను. వచ్చే నెల హార్స్లీ హిల్స్‌లో మేనేజర్లకు క్యాంపు ఉంది. మీరు పది నిమిషాలు మాట్లాడాలి."

మునిరత్నమ్మకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "మోడలేంది సార్? తెగే దారం మార్చినాం. నీళ్ళు తాగనిచ్చినాం. ఈ మాట చెప్పనీకి కొండెక్కల్నా?"

"అలా కాదమ్మా, నలుగురూ నేర్చుకుంటారు."

"నేర్చుకోవల్లంటే ఈడికే రమ్మనండి. ఒక వారం మిషను మీద కూసోబెడతా."

అతను అది హాస్యమనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

వెన్నెల మాత్రం తిరిగి రాలేదు. నర్సింగ్‌హోము నుంచి ఇంటికి వెళ్ళిన పిల్ల, ఫోను చేస్తే ఎత్తలేదు. ఒక ఆదివారం మునిరత్నమ్మ పుంగనూరు వెళ్ళడం మానుకుని, గుడుపల్లె దగ్గర ఆ పిల్ల ఊరికి వెతుక్కుంటూ వెళ్ళింది. వెన్నెల వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. కాస్త ఒళ్ళు తేరుకుంది. చూసి లేచి నిలబడింది. కూర్చోమని స్టూలు వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

మునిరత్నమ్మ జరిగిందంతా చెప్పింది. దారం సంగతి, బిళ్ళల సంగతి, శెట్టి కాలరు కుట్టిన సంగతి. "నీ మిషను నీకోసరమే పెట్టుండాను. రా" అంది.

"నేను బెంగుళూరికి పోతాండా అక్కా. రోజూ పొద్దన రైలుకు పొయ్యి రాత్రికొస్తా. ఆడా కుట్టేదే."

"రోజూ అంత దూరమా? ఈడ ఇంటి పక్కనే ఉండంగా!"

"దూరమే. కానీ ఆడ సూపర్‌వైజరు ఆలస్యమైతే దగ్గరికొచ్చి, ఏమైంది అని అడుగుతాది."

వెన్నెల బట్ట పిండుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. ఆ గొంతులో కోపం అరుపులా లేదు, చల్లగా ఉంది.

"నాకు దారం మీద కోపం లేదక్కా. ఆ సార్ మీదా లేదు. ఆయనకు మిషనంటే ఏం తెలుసు? నువ్వొస్తాండావని ముందురోజే మాకు తెలిసింది. పుంగనూరు నుంచి వస్తాండాది, హెల్పరుగా చేరి పైకొచ్చిన మనిషంట, మన బాధ తెలుస్తాదిలే అని అందరం ఆశపడి కాసుకోనుంటిమి. నువ్వొచ్చి, నా మొగం కూడా సరిగ్గా సూడకుండా కట్టేసినావు. యాల ఎనకబడినావని ఒక్క మాట అడిగింటే చెప్పేసిందును. నాలుగు రోజుల్లో ఏ రోజు అడిగినా చెప్పేసిందును."

"తప్పయిపోయింది నాది" అంది మునిరత్నమ్మ. "శెట్టి చెప్పలేదు. ఆ సార్ చెప్పడు. నా తప్పు నేను చెప్పుకుంటాండా."

వెన్నెల తల ఊపింది. క్షమించినట్టూ కాదు, క్షమించనట్టూ కాదు. విన్నానన్నట్టు. తడి చేతులు పావడాకు తుడుచుకుని బస్సు ఆగేచోటిదాకా తోడొచ్చింది. బస్సు రాగానే, "ఒళ్ళు జాగ్రత్తక్కా" అని వెనక్కి తిరిగింది.

సోమవారం నుంచి మునిరత్నమ్మ పొద్దున్నే కాగితం పట్టుకుని, వెనకబడ్డవాళ్ళ పక్కన స్టూలు వేసుకుని ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టింది. "ఏమైంది? యాడ ఆగిపోతాండావు?" మొదట్లో ఎవరూ చెప్పలేదు. పదోరోజుకు ఒకామె తనకు దగ్గరి చూపు మందగించి సూది కనబడడం లేదంది. ఆమెకు కళ్ళజోడు వచ్చింది. ఇంకొకామె రామకుప్పం వైపు నుంచి వచ్చే బస్సు మానేశారంది. దానికి మునిరత్నమ్మ దగ్గర మందు లేదు, గంట ఆలస్యంగా రానివ్వడం తప్ప. ఒక పిల్ల మాత్రం ఏమీ చెప్పకుండా ఊరికే ఏడ్చింది. ఆ పిల్ల పక్కన, ఏడుపు సద్దుమణిగేదాకా కూర్చుంది.

వెన్నెలను చూసొచ్చాక కూడా కాలర్ల మిషను మూడు వారాలు ఖాళీగానే ఉంది. అన్నాళ్ళూ కాలర్లు పక్క లైనులో కుట్టించారు. మదనపల్లె నుంచి రోజూ అడుగుతూనే ఉన్నారు, ఎవరిని కూర్చోబెడుతున్నారని. నాలుగో వారం ఆమే కూర్చుంది. పొద్దున రెండు గంటలు సూపర్‌వైజరు పని, తర్వాత కాలర్లు. మొదటిరోజు టార్గెట్టు చేరలేదు.